సర్పగంధ: వేరు ఎవరిది?

1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ సర్పగంధ వేరును పిచ్చికీ రక్తపోటుకీ మందుగా వైద్యపత్రిక కెక్కించారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ అందులోంచి రిసర్పిన్‌ను వేరుచేసింది. 1954లో నేథన్ క్లైన్ అమెరికా మానసిక రోగులపై దాని ప్రభావాన్ని ప్రకటించాడు. ఈ పేర్లన్నీ చరిత్రకు గుర్తే. పసిబిడ్డల్ని నిద్రపుచ్చడానికి ఇదే వేరు వాడిన బీహార్ పేద తల్లులకు మాత్రం ఔషధ గ్రంథాల్లో దక్కింది ఒక్క వాక్యం, అదీ పేర్లు లేకుండా.

అలాగని ఆ వేరును నెత్తిన పెట్టుకోలేను. రిసర్పిన్ మెదడులో సెరటోనిన్, డోపమిన్ నిల్వల్ని ఖాళీ చేస్తుంది. ఉద్రేకం అణుగుతుంది, నిజమే. కొందరు కుంగుబాటులో పడ్డారని 1950లలోనే వైద్యులు రాశారు (ఎంతమంది అన్నదానిపై తర్వాత వాదాలు నడిచాయి). సైకియాట్రిస్టు దగ్గరికెళితే పరువు పోతుందనుకునే ఇళ్లలో "వేరే కదా, హానేముంది" అంటూ కోడలి చేతిలో పొడి పెడతారు. అణిగిన మనిషిని నయమైన మనిషిగా లెక్కేసేది ఎవరు? ఆమెనెవరైనా అడిగారా?