80386 ప్రాసెసర్ దోషాలు, అనుకూలత సమస్య: చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

ఒకే పేరుతో వెలువడిన ప్రాసెసర్ చిప్పులన్నీ ఒకే రూపంలో ఉండవు. దోషాలు బయటపడిన కొద్దీ తయారీ సంస్థ లోపలి రచనను సవరిస్తుంది. అలా సవరించిన ప్రతి రూపాన్ని 'స్టెప్పింగ్' అంటారు. ముద్రణ మారినా గ్రంథం పేరు మారనట్లే, స్టెప్పింగ్ మారినా చిప్పు పేరు మారదు. అయితే ఆ తేడాను గుర్తించని సాఫ్ట్‌వేర్ తప్పు ఫలితాలు ఇచ్చే ప్రమాదం ఉంది. ఈ సమస్య స్వరూపాన్ని ఇంటెల్ 80386 చరిత్ర స్పష్టంగా చూపుతుంది.

2. గుణకార దోషం

1985 అక్టోబరులో ఇంటెల్ ప్రకటించిన 80386, 32 బిట్ల ప్రాసెసర్. 1986లో కాంపాక్ సంస్థ డెస్క్‌ప్రో 386తో ఇది వ్యక్తిగత కంప్యూటర్లలో ప్రవేశించింది. కొన్ని చిప్పులు 32 బిట్ల గుణకారంలో తప్పు ఫలితాలు ఇస్తున్నట్లు 1987లో వెల్లడైంది. ఇది తర్కదోషం కాదు. వలయాల అమరికలో చాలినంత వెసులుబాటు లేకపోవడమే కారణం. అందువల్ల వోల్టేజి, ఉష్ణోగ్రత, వేగం, గుణించే సంఖ్యలు ఒక ప్రత్యేక రీతిలో కలిసినప్పుడే దోషం బయటపడేది. ఒకే స్టెప్పింగ్‌కు చెందిన రెండు చిప్పుల్లో ఒకటి సక్రమంగా, మరొకటి తప్పుగా పనిచేయవచ్చు.

ఇంటెల్ చిప్పులను విడివిడిగా పరీక్షించింది. నెగ్గినవాటిపై రెండు సిగ్మా గుర్తులు వేసింది. నెగ్గనివాటిపై '16 బిట్ల సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే' అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాలు ముద్రించింది. నాటి డాస్ ప్రోగ్రాముల్లో అధికభాగం 16 బిట్లవే కనుక అవి కూడా చెల్లుబాటయ్యాయి. కాని యంత్రం మూత తీస్తే తప్ప ఆ ముద్ర వినియోగదారుకు కనిపించదు.

3. తొలగించిన ఆదేశాల ప్రభావం

తొలి 80386 చిప్పుల్లో బిట్ల వరుసను వెలికితీసే, చొప్పించే రెండు ఆదేశాలు ఉండేవి. బి-1 స్టెప్పింగ్‌లో వాటిని తొలగించారు. తన స్టెప్పింగ్ ఏదో 80386 రీసెట్ అయిన క్షణంలో మాత్రమే ఒక రిజిస్టరులో తెలిపేది; ఆ తర్వాత ప్రోగ్రాములు అడిగి తెలుసుకోవడానికి ఆదేశమేదీ లేదు. అందుకే కొన్ని ప్రోగ్రాములు తొలగించిన ఆదేశాన్ని ప్రయోగించి, అది పనిచేస్తే చిప్పు పాతదని నిర్ణయించేవి.

1989లో వచ్చిన 80486 తొలి రూపంలో, ఖాళీ అయిన ఆ సంకేతాలను ఇంటెల్ మరొక కొత్త ఆదేశానికి కేటాయించింది. దాంతో ఆ ప్రోగ్రాములు కొత్త 80486ను తొలినాటి 80386గా పొరబడే పరిస్థితి ఏర్పడింది. తర్వాతి స్టెప్పింగ్‌లో ఆ ఆదేశానికి వేరే సంకేతాలు ఇవ్వవలసివచ్చింది. లేని ఆదేశం కూడా తన స్థానాన్ని వదలలేదన్నమాట.

4. పెంటియం అనుభవం

1994లో పెంటియం భాగహార దోషాన్ని గణితాచార్యుడు థామస్ నైస్లీ వెల్లడించాడు. భాగహారానికి వాడే పట్టికలో 5 విలువలు లోపించడం దీనికి కారణం. దోషం అత్యంత అరుదని మొదట వాదించిన ఇంటెల్, 1994 డిసెంబరు 20న, కోరినవారందరికీ చిప్పు మార్చి ఇస్తామని ప్రకటించింది. 1987లో చిప్పుపై ముద్రతో సరిపెట్టిన విషయం, ఏడేళ్లలో వినియోగదారు హక్కుగా మారింది.

5. ముగింపు

దోషాన్ని సవరించడంతో దాని చరిత్ర ముగియదని దీన్నిబట్టి స్పష్టమవుతుంది. అమ్ముడైన చిప్పులు ఏళ్లతరబడి వాడుకలో ఉంటాయి. వాటికోసం తీసుకొన్న జాగ్రత్తలు సాఫ్ట్‌వేర్‌లో నిలిచి, తర్వాతి చిప్పుల రచనను సైతం నియంత్రిస్తాయి. కాబట్టి పాత కంప్యూటర్ల చరిత్రకారునికి నమూనా పేరు, సంవత్సరం మాత్రమే చాలవు; చిప్పుపై ముద్రించిన గుర్తులు కూడా ప్రాథమిక ఆధారాలే.