మెయిల్ పంపడానికి కూడా పాస్‌వర్డ్ ఎందుకు?

ఫోన్‌లో ఆఫీస్ మెయిల్ సెట్ చేస్తుంటే "అవుట్‌గోయింగ్ సర్వర్" దగ్గర మళ్లీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది కదా. చదవడానికి అడిగితే సరే, పంపడానికెందుకు? ఒకప్పుడు నిజంగానే అడిగేవాళ్లు కాదు.

1982లో జాన్ పోస్టెల్ ఎస్ఎంటీపీ రూల్స్ రాశారు. పంపేది ఎవరో నిరూపించుకునే పద్ధతే అందులో లేదు. అప్పటి నెట్‌లో ఉన్నది ఎక్కువగా యూనివర్సిటీలు, రీసెర్చ్ ల్యాబులే. ఎవరి మెయిల్ వచ్చినా సర్వర్ తీసుకుని ముందుకు పంపేది. దీన్నే ఓపెన్ రిలే అంటారు. బస్సు డ్రైవర్ చేతికి కవర్ ఇచ్చి పక్క ఊరికి పంపినట్టన్నమాట.

1990ల్లో స్పామర్లు దిగారు. వాళ్లు ఒక్క కాపీ, దాంతోపాటు వందల అడ్రస్‌ల లిస్టు ఇస్తే చాలు, మిగతా చాకిరీ అంతా ఎవరిదో సర్వర్ చేసేది. బ్యాండ్‌విడ్త్ ఖర్చు ఆ ఓనర్‌ది, తిట్లు కూడా ఆయనకే!

1997లో పాల్ విక్సీ స్పామ్ వచ్చే అడ్రస్‌ల బ్లాక్‌లిస్ట్ మొదలుపెట్టారు. 1998లో సెండ్‌మెయిల్ 8.9 వెర్షన్ రిలేని డిఫాల్ట్‌గా ఆపేసింది. కానీ ఊరు దాటి వెళ్లిన సొంత యూజర్లూ బయటివాళ్లలాగే కనిపించేవాళ్లు. అందుకే 1998 చివర్లో పంపడానికి విడిగా పోర్ట్ 587, 1999లో పాస్‌వర్డ్ చెకింగ్ వచ్చాయి. పాస్‌వర్డ్ దారిలో ఎవరూ చదవకుండా స్టార్ట్‌టీఎల్ఎస్ కూడా అదే ఏడాది వచ్చింది. 2018లో ఇంకో అడుగు: మొదటి నుంచే ఎన్‌క్రిప్షన్ ఉండే పోర్ట్ 465 మేలన్నారు.

అందరూ ఒప్పుకోలేదు. ఈఎఫ్ఎఫ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాన్ గిల్మోర్ తన సర్వర్‌ని తెరిచే ఉంచారు. తప్పు స్పామర్‌ది, దారి ఇచ్చినవాడిది కాదని ఆయన వాదన. 2001లో ఆయన ఐఎస్‌పీ వేరియోతో గొడవ దాకా వెళ్లింది. వాదనలో న్యాయం ఉంది. కానీ స్పామ్ భారం మోసేది మిగతా నెట్ అంతా.

ఈ చరిత్రంతా ఇవాళ్టి పోస్ట్‌ఫిక్స్ సెట్టింగ్‌లో మూడు మాటలు: మన నెట్‌వర్క్ అయితే పంపు, లాగిన్ అయితే పంపు, బయటి అడ్రస్‌కి ఇంకెవరడిగినా వద్దను. మెయిల్ వెళ్లట్లేదన్న విసుగులో "మై నెట్‌వర్క్స్" దగ్గర ప్రపంచం మొత్తాన్ని పెట్టేశారనుకోండి, మీ సర్వర్ మళ్లీ 1990ల్లోకి వెళ్లిపోయినట్టే. ఆ లైన్ ఒక్కసారి చెక్ చేసుకోండి.