ఎత్తు చక్రం మీద ఒక పరదేశి



మన యువకులు బైకుల మీద అరకు వెళ్లొచ్చి ఫొటోలు పెడుతున్నారు. సంతోషమే. దారి చెప్పడానికి చేతిలో ఫోను, ఆకలేస్తే పక్కనే ధాబా. ఇవేవీ లేని రోజుల్లో సైకిలు మీద లోకం చుట్టిన థామస్ స్టీవెన్స్ గురించి ఈసారి చెప్పుకుందాం.

ఇతను ఇంగ్లండులో పుట్టి అమెరికా వెళ్లినవాడు. 1884 ఏప్రిల్ 22న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరాడు. ఆ సైకిలు మనం తొక్కేలాంటిది కాదు. ముందు చక్రం 50 అంగుళాలు, అంటే ఏడెనిమిదేళ్ల పిల్లాడంత ఎత్తు. వెనకది బుల్లి చక్రం. గొలుసు లేదు, టైర్లలో గాలి లేదు. రాయి తగిలితే మనిషి ముందుకు బోర్లా పడాల్సిందే. సామానంటారా, మేజోళ్లు, ఇంకో చొక్కా, రాత్రిపూట గుడారంగా పనికొచ్చే వానకోటు, ఒక పిస్తోలు. ఆగస్టు 4న బోస్టన్ చేరేసరికి సుమారు 3,700 మైళ్లయ్యాయి. అందులో మూడోవంతు దాకా సైకిలును నడిపించుకుంటూ పోయిందే!

మరుసటి ఏడు యూరప్ దాటి టర్కీలో అడుగుపెట్టాడు. అంకారా మీదుగా వెళ్లాడు. బైబిలు చదివే మనకు అది గలతీయ ప్రాంతం. కొన్నిచోట్ల మిషనరీలు, చాలాచోట్ల ఊరివాళ్లే తిండిపెట్టి పడుకోనిచ్చారు. కాకపోతే అలసిపోయి కూర్చున్నా వదిలేవారు కాదు, ఎక్కి తొక్కి చూపించమని ఊరంతా పట్టుపట్టేది. మన ఊరికి మొదటి ట్రాక్టరు వచ్చినప్పుడు మనం మాత్రం ఊరుకున్నామా?

టెహరాన్‌లో చలికాలం గడిపాడు. అఫ్గానిస్తాన్‌లో పట్టుకుని వెనక్కి పంపేశారు. ఓడల మీద చుట్టు తిరిగి మన దేశానికొచ్చి, లాహోరు నుంచి కలకత్తాకు గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద తొక్కాడు.

చైనాలో ప్రాణం మీదికి వచ్చింది. ఫ్రాన్సుతో యుద్ధం ముగిసి అప్పటికి ఏడాదే. తెల్లముఖం కనబడితే చాలు, జనానికి శత్రువే. ఇతను ఆ దేశంవాడా కాదా అని అడిగిందెవరు? ఒక పట్టణంలో గుంపు రాళ్లతో వెంటపడింది. దీన్ని చైనావాళ్ల మూర్ఖత్వమని మేము చెప్పలేం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకారొస్తే, మన తెలంగాణలోనే అమాయకులను కొట్టి చంపారు. దుప్పట్లు అమ్ముకునే ఉత్తరాది కుర్రాళ్లు మన వీధుల్లోకి ఇప్పటికీ వస్తున్నారు. వాళ్లూ మన భాష రానివాళ్లే.

ఆ రోజు స్టీవెన్స్ పరుగున స్థానిక అధికారి కచేరీలో జొరబడ్డాడు. అధికారి అతన్ని గుంపుకు అప్పగించలేదు. కాపలా ఇచ్చి పడవ ఎక్కించి పంపాడు. అలా బతికి, 1886 డిసెంబరు 17న జపానులోని యొకొహామా చేరి ప్రయాణం ముగించాడు. మొత్తం సుమారు 13,500 మైళ్లు.

ఆ సైకిలును తయారుచేసిన కంపెనీ దాన్ని చాలా ఏళ్లు దాచింది. రెండో ప్రపంచ యుద్ధంలో పాత ఇనుము పోగుచేస్తుంటే అందులో ఇచ్చేశారు.