తల్లికి ఒక విశ్రాంతి గడియ

శతవార్షిక సంచికలలో బిషప్పుల పేర్లును, దేవాలయ ప్రతిష్ఠల తేదీలును, పాఠశాలల, ఆసుపత్రుల వృత్తాంతములును వ్రాయుట ఆచారము. ఇంటిలో బిడ్డలకు మొదటి ప్రార్థన నేర్పిన తల్లుల అలసటకు ఏ రిజిష్టరులోను తేదీ కానరాదు. అయినను ఒక అలసిన తల్లి చరిత్ర మన సంఘ చరిత్రతో ముడిపడి యున్నది. ఈ సందర్భమున దానిని జ్ఞాపకము చేసికొందము.

ఆమె పేరు సుసన్నా వెస్లీ. 1669లో లండనులో జన్మించెను. భర్త శామ్యూల్ వెస్లీ ఇంగ్లాండులోని ఎప్వర్త్ అను ఊరికి గురువు. ఆమెకు 19 మంది బిడ్డలు పుట్టగా 10 మంది మాత్రమే పెరిగి పెద్దవారైరి. 1705లో భర్త అప్పు తీర్చలేక లింకన్ కోటలోని చెరసాల పాలయ్యెను. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఇల్లు కాలిపోయెను. అప్పటికి ఆమె నిండు గర్భిణి. ఐదేండ్ల జాన్‌ను పొరుగువారు మేడ కిటికీలోనుండి దించి కాపాడిరి. ఇల్లు తిరిగి కట్టువరకు బిడ్డలు పలువురి ఇండ్లలో చెదరి యుండిరి.

ఇట్టి తల్లికి విశ్రాంతి ఎక్కడిది? వంటపని నడుమ ఆమె తన ఏప్రను తలపై కప్పుకొని ప్రార్థించెడిదనియు, అప్పుడు బిడ్డలు నిశ్శబ్దముగా నుండెడివారనియు చెప్పుకొందురు. అది తరతరాలుగా వచ్చిన మాట. ఆమె ధ్యానముల దినచర్య మాత్రము నేటికిని నిలిచి యున్నది. అందులో ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము అను శీర్షికల క్రింద ఆమె తన మనస్సును దేవుని యెదుట విప్పుకొన్నది. పని తీరిన తరువాత విశ్రాంతి వచ్చునని ఆమె కాచుకొని యుండలేదు. ఆమె పని ఏనాడును తీరలేదు గదా! పని నడుమనే గడియలు నిర్ణయించుకొన్నది.

1711-12 శీతకాలమున భర్త లండనులో నుండగా, ఆయన గ్రంథముల గదిలో కుమార్తెకు ఒక చిన్న పుస్తకము దొరికెను. 1706లో మన దేశపు తమిళ తీరమున తరంగంబాడికి వచ్చిన జీగెన్‌బల్గ్, ప్లూట్షౌ అను మిషనరీల వృత్తాంతమది. దానిని విన్న తల్లి మనస్సు కదిలెను. నాటినుండి ఆమె రోజుకొక బిడ్డతో ఒంటరిగా కూర్చుండి మాటలాడసాగెను. గురువారము జాన్‌ది, శనివారము చార్లెస్‌ది. ఆదివారపు సాయంకాలము కుటుంబమునకు చదువు ప్రసంగములను వినుటకు పొరుగువారును రాగా, వారి సంఖ్య 200 దాటెను. పెద్దవాడై ఆక్స్‌ఫర్డులో నున్న జాన్, ఆ గురువారపు సాయంకాలములో కొంత భాగము తనకు మరల ఇమ్మని తల్లికి ఉత్తరము వ్రాసెను.

ఆ కుమారులిద్దరి పరిచర్యనుండియే మెథడిస్టు ఉద్యమము పుట్టెను. వెస్లియన్ మిషనరీలు తెలుగు నాటికి వచ్చిరి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయము వారి పరిచర్య ఫలమే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆ ధార అందరి సొత్తయ్యెను. మన దేశమునుండి వెళ్లిన ఒక వార్త అలసిన తల్లిని ఆదరించెను. ఆమె ఇంటి ప్రార్థన మన దేశమునకు ఫలముగా తిరిగి వచ్చెను. దేవుని మార్గములు ఎంత ఆశ్చర్యకరములు!

నేటి తల్లి కోడి కూయకముందే లేచి, పిల్లల క్యారేజీలు కట్టి, పొలమునకో ఆఫీసునకో వెళ్లి, రాత్రి అంట్లు తోమి పండుకొనును. ఆదివారము ఆమెకు పని రెండింతలు. ఆరాధనకు ముందు వంట, తరువాత వడ్డన. కోతపండుగకును, గృహ కూటములకును పొయ్యి యొద్ద నుండునదియు ఆమెయే. ప్రార్థనకు మోకరించినంతనే నిద్ర పట్టినదని ఆమె దిగులుపడ నక్కరలేదు. అలసి చావు కోరుకొన్న ఏలీయాకు దేవుడు మొదట ఉపదేశము పంపలేదు. నిద్రపోనిచ్చి, రొట్టెను, నీళ్లను పంపెను. అటుపిమ్మటనే ఆయనతో మాటలాడెను.

ఆ రొట్టెను ఒక దూత తెచ్చెను. నేటి తల్లికి దానిని ఎవరు తేవలెను? భర్తయు, బిడ్డలును, సంఘమును గాక మరెవరు? ఈ శతవార్షిక వత్సరమున ప్రతి ఇంటను తల్లికి దినమునకు ఒక గడియ ప్రత్యేకింతము. ఆ గడియలో ఇతరులు పొయ్యి చూతురుగాక, పసిబిడ్డను ఎత్తుకొందురుగాక. గృహ కూటమునకు వెళ్లువారు కాఫీ ఫలహారముల కొరకు కనిపెట్టకుందురుగాక. ఆమె ప్రార్థించినను సరే, మౌనముగా కూర్చున్నను సరే, కన్ను మూసికొన్నను సరే. ప్రయాసపడి భారము మోయువారిని తనయొద్దకు పిలిచిన ప్రభువు పిలుపు మన తల్లులకును చెందినదే. ఆ పిలుపు వినుటకు వారికి తీరిక కల్పించుట మన వంతు.