రావణా వాజ్ కిల్డ్ బై రామా

పోయిన సంక్రాంతికి గాజువాకలో మా ఇంటికి సున్నాలేయిస్తుంటే అటక మీంచి ఓ ట్రంకు పెట్టె దిగింది. అందులో అమ్మ దాచిన పాత కరెంటు బిల్లులు, నాన్న పోర్టు పాసులు, వాటి అడుగున నా ఏడో తరగతి ఇంగ్లీషు గ్రామరు నోటుబుక్కు! చెదలు అట్టని తిన్నాయి గానీ లోపల పేజీలు భద్రంగానే ఉన్నాయి. తెరిస్తే మొదటి పేజీ నిండా ఒకటే వాక్యం. 'రామా కిల్డ్ రావణా. రావణా వాజ్ కిల్డ్ బై రామా.' లెక్కపెట్టాను, నలభై సార్లు ఉంది. నలభై సార్లు చచ్చాక కూడా రావణుడు రెండో పేజీలో మళ్ళీ బతికొచ్చాడు, ఈసారి ప్రెజెంట్ పర్ఫెక్టులో.

ఇప్పటి కుర్రాళ్ళకి తెలీకపోవచ్చు. మన రాష్ట్రంలో ఒకప్పుడు పదో తరగతికంటే ముందే ఏడులో ఓ గండం ఉండేది, సెవెంత్ కామన్ అనేవాళ్ళం. జిల్లా అంతటికీ ఒకే పేపరు, హాల్ టికెట్టు, వేరే స్కూల్లో సెంటరు. పన్నెండేళ్ళ పిల్లాడికి పరీక్షట్టా, క్లిప్పూ కొనిచ్చి, దేవుడికి దణ్ణం పెట్టించి పంపేవాళ్ళు. నేను రాసింది 1990లో. ఆ ఏడాదే స్టీలు ప్లాంటులో గోదావరి అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైంది. అందుకేనేమో మా మాస్టారు డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్‌కి ఎప్పుడూ ఒకటే ఉదాహరణ ఇచ్చేవారు. ఐరన్ ఈజ్ ది మోస్ట్ యూజ్‌ఫుల్ మెటల్. నో అదర్ మెటల్ ఈజ్ యాజ్ యూజ్‌ఫుల్ యాజ్ ఐరన్.

నేను ఏబీసీడీలు దిద్దింది ఐదో తరగతిలో. అంటే రెండేళ్ళు తిరిగేసరికల్లా యాక్టివ్ వాయిసు, పాసివ్ వాయిసు! వెనక ఉన్నదాన్ని ముందుకు తే, వాజ్ పెట్టు, మూడో రూపం రాయి, బై పెట్టి ముందున్నదాన్ని వెనక్కి తోసెయ్. ఇప్పుడైతే దీన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటాం. ఇన్‌పుట్ స్ట్రింగ్‌కి అర్థం ఏమిటో ప్రోగ్రాముకి అక్కర్లేనట్టే మాకూ అక్కర్లేదు. 'కిల్డ్' అంటే చంపటమని తెలీని వాడు కూడా బిట్టు కరెక్టుగా పెట్టొచ్చు. పొద్దున్నే ఐదున్నరకి స్టడీ అవర్. బిట్ పేపరు చేతిలో ఉంటే ఎవరూ నిద్రపోరని మాస్టారి నమ్మకం. ఆయన్ని తప్పుపట్టటానికి కాదు ఇదంతా. ఆయనకి మాత్రం ఎవరు నేర్పారు?

మా మేనత్త కొడుకు ఒకడున్నాడు. పేరెందుకు గానీ, బావ అందాం. నాకంటే రెండేళ్ళు పెద్ద. వాడు ఇంగ్లీషులో ఎప్పుడూ తప్పేవాడు. ఆర్టికల్స్ వాడికి అస్సలు ఎక్కలేదు. 'అవర్'కి ముందు యాన్ ఎందుకు, 'యూనివర్సిటీ'కి ముందు ఎ ఎందుకు అని అడిగి దెబ్బలు తిన్నాడు (నిజానికి మంచి ప్రశ్న, జవాబు అక్షరంలో లేదు, శబ్దంలో ఉంది). వాణ్ణి ఏడో తరగతికి పోనివ్వలేదు. రెండేళ్ళు ఆరులోనే ఉంచేశారు. కారణం వేరే ఏం లేదు, వాడు కామన్ రాస్తే బడి రిజల్టు పడిపోతుందని. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అని బోర్డు రాయించాలంటే తప్పేవాళ్ళని గుమ్మం దాటనివ్వకపోతే చాలు. మూడో ఏడు బావ బడికి వెళ్ళలేదు.

ఇది మా బడి వాళ్ళ సొంత తెలివి అని చాలా ఏళ్ళు అనుకున్నాను. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ చదువుల చరిత్ర తిరగేస్తుంటే తెలిసింది, ఇది నూటపాతికేళ్ళకు పైబడ్డ తెలివని. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో అనే ఆయన ఓ పద్ధతి పెట్టాడు. ఇన్‌స్పెక్టరు బడికొస్తాడు, ఒక్కో పిల్లాణ్ణీ నిలబెట్టి పరీక్ష చేస్తాడు, పాసైన తలకి ఇంత అని బడికి డబ్బిస్తారు. మనకీ అదే దిగుమతి అయింది. రిజల్ట్ గ్రాంటు అనేవాళ్ళు. పంతులుగారి జీతం పిల్లాడి నాలుక మీద ఉందన్నమాట. అప్పుడు పంతులుగారు ఏం చేస్తారు? ఇన్‌స్పెక్టరు ఏం అడుగుతాడో అదే చెప్తారు, అంతకుమించి ఒక్క ముక్క చెప్పరు. ఒక పిల్లాడికి ఇంగ్లీషు వచ్చో రాదో ఐదు నిమిషాల్లో తేల్చటం కష్టం. 'నౌన్ అంటే ఏమిటి?' అని అడిగి డెఫినిషన్ అప్పజెప్పించుకోవటం సులువు. గ్రామరు బళ్ళో అంత గట్టిగా పాతుకుపోవటానికి మెకాలేని తిడుతుంటాం గానీ, నా లెక్కలో అసలు కారణం ఈ సులువే. 1904లో కర్జన్ ప్రభుత్వమే తన విద్యా తీర్మానంలో పరీక్షల మోత ఎక్కువైందని ఒప్పుకుంది. మాతృభాషలో పునాది పడకుండా పిల్లాడికి ఇంగ్లీషు మొదలెట్టొద్దనీ, పదమూడేళ్ళు వచ్చేదాకా పాఠాలు ఇంగ్లీషులో చెప్పొద్దనీ కూడా అందులోనే రాశారు. (ఇంగ్లీషు మీడియం గొడవ జోలికి నేను పోవట్లేదు, అది ఇంకోసారి.)

ఆ రోజుల్లో మెట్రిక్యులేషన్ కుర్రాళ్ళకి పార్సింగ్ అని ఒకటుండేది. వాక్యమిస్తే ఒక్కో మాటనీ విడదీసి ఇది ఏ భాషాభాగం, ఏ విభక్తి, దేనితో అన్వయం అని రాయాలి. మనం కంపైలర్ల క్లాసులో నేర్చుకున్న మాట అక్కడినుంచి వచ్చిందే. లాటిన్లో 'పార్స్' అంటే భాగం. బ్యాకస్ నోటేషన్ని పాణిని పేరుతో కలిపి పిలవాలని 1967లో ఇంగర్‌మన్ అనే ఆయన ప్రతిపాదించాడు కూడాను. చూశారా, మెషీన్‌కి నేర్పాల్సినదాన్ని పిల్లలకి నేర్పారు! ముందు నెస్‌ఫీల్డ్, తర్వాత 1930ల్లో రెన్ అండ్ మార్టిన్. ఆ రెన్ గారు ఫ్రెంచి ఫారిన్ లీజియన్ మీద సాహస నవలలు రాసి పేరు తెచ్చుకున్న మనిషంటే నేను మొదట నమ్మలేదు.

మన కన్యాశుల్కంలో వెంకటేశం గుర్తున్నాడు కదా. పరీక్ష తప్పి, ఆ సంగతి ఇంట్లో కప్పిపుచ్చటానికి గిరీశాన్ని వెంటబెట్టుకుని ఊరొస్తాడు. కొడుకు ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని ఇంట్లో వాళ్ళ ముచ్చట. గురుశిష్యులిద్దరూ నోటికొచ్చిన ముక్కలు అప్పజెప్పేస్తారు. విన్నవాళ్ళకి అదే మాట్లాడటం. నవ్వుకుంటాం గానీ, గురజాడ విజయనగరం కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. ఊరికే ఊహించి రాసింది కాదది.

ఇప్పుడు అసలు కథ. ఇది జరిగింది మా విశాఖలోనే, అందుకే నాకు అంత ముచ్చట. వైజాగులో 1860లో మొదలైన ఓ ఆంగ్లో వెర్నాక్యులర్ బడి 1878లో కాలేజీ అయింది, అదే తర్వాత మిసెస్ ఏవీఎన్ కాలేజీ. సి.వి. రామన్ గారి నాన్నగారు అక్కడ లెక్చరరు, రామన్ కూడా అక్కడే ఎఫ్.ఏ. చదివారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ కాలేజీకి ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే దొరగారు (కవి యేట్స్ కాదండోయ్) ఉత్తర కోస్తా జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకోవటం మొదలెట్టాడు. పుస్తకం ఇచ్చి పంతులుగారు చెప్పిన తెలుగు ఒకటి, వీధిలో వినిపించే తెలుగు ఇంకొకటి! ఈ రెండింటికీ ఇంత తేడా ఎందుకుండాలి అని అయ్యంగార్ని అడిగాడు. దీనికి జవాబు చెప్పగలవాళ్ళు ఇద్దరున్నారు, విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి, అని ఆయన చెప్పాడు. వ్యావహారిక భాషోద్యమం అని మనం చదువుకున్నది ఈ నలుగురితో మొదలైంది.

గిడుగు, గురజాడ విజయనగరంలో కలిసి చదువుకున్నవాళ్ళు. గిడుగు 1880లో పర్లాకిమిడి రాజా స్కూల్లో మాస్టారుగా చేరాడు. ఆయన చేసిన పని నాకు ఇంజినీరుగా బాగా నచ్చింది. తెలుగు ఎలా నేర్పాలో తేల్చుకోవటానికి, ఇంగ్లండులో ఇంగ్లీషు ఎలా నేర్పుతున్నారో చూశాడు. హెన్రీ స్వీట్‌ని, యెస్పర్‌సన్‌ని చదివాడు. ఆ స్వీట్ ఎవరనుకున్నారు? బెర్నార్డ్ షా 'పిగ్మేలియన్'లో ప్రొఫెసర్ హిగ్గిన్స్‌కి కొంత ఒరవడి ఆయనే. వాళ్ళ మాట స్థూలంగా ఇది. భాష అంటే ముందు మాట్లాడేది, రాసేది తర్వాత. ముందు జనం వాడే మాటలు, వాక్యాలు నేర్పండి, సూత్రాలు అందులోంచి వస్తాయి. యూరప్‌లో 1882లో వియెటోర్ అనే జర్మన్ మాస్టారు ఒక కరపత్రంతో లేపిన గొడవ ఇది. పాతికేళ్ళకి విశాఖపట్నం చేరింది. అయ్యంగారు 1909లో దేశభాషల తరఫున ఓ పుస్తకం రాశాడు, పేరు 'డెత్ ఆర్ లైఫ్'. తమాషా ఏంటంటే అదీ ఇంగ్లీషులోనే!

ఇంతమంది పెద్దవాళ్ళు, ఇంత పాండిత్యం. పోట్లాట దేనిమీద జరిగిందో తెలుసా? పరీక్ష మీద. 1911లో మెట్రిక్ బదులు ఎస్సెస్సెల్సీ వచ్చింది. 1912-13లో స్కూలు ఫైనల్ తెలుగు వ్యాసం కావ్యభాషలో రాసినా సరే, వాడుక భాషలో రాసినా సరే అని అనుమతిచ్చారు. అంతే, అగ్గి రాజుకుంది. నాలుగేళ్ళపాటు ఉపన్యాసాలు, పత్రికల్లో వ్యాసాలు ఎన్ని వచ్చినా ఓపిక పట్టినవాళ్ళు, పరీక్షలో మార్కులు పడతాయనేసరికి లేచి నిలబడ్డారు. జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వంలో సభలు జరిగాయి, అర్జీలు వెళ్ళాయి. యూనివర్సిటీ కమిటీలో గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాశాడు, మర్నాటి ఏడు నవంబరులో పోయాడు. అనుమతి వెనక్కి పోయింది. మళ్ళీ పరీక్షల్లోకి వాడుక భాష దర్జాగా రావటానికి ఇంకో రెండు తరాలు పట్టింది.

రామయ్య పంతులు గారి వైపు వాళ్ళకి విషయం బాగా అర్థమైందని నాకనిపిస్తుంది, బహుశా గిడుగు వారికంటే ముందే. పుస్తకం మార్చినా బడి మారదు, ప్రశ్నపత్రం మారిస్తే బడి మొత్తం రాత్రికి రాత్రే మారుతుంది. అందుకే వాళ్ళు కాపలా కాసింది అక్కడ.

దీనికి మంచి రుజువు ఒకటి పక్క రాష్ట్రాల్లో దొరికింది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన బెంగుళూరు, మద్రాసు చుట్టుపక్కల మామూలు బళ్ళలో ఓ ప్రయోగం చేశాడు. గ్రామరు పాఠమే లేదు. రైళ్ళ టైంటేబుల్ ఇచ్చి ఫలానా ఊరికి ఎప్పుడు చేరతావు, మ్యాపు ఇచ్చి ఎటు తిరగాలి, ఇలా పనులు చేయించటమే. పిల్లలు పనిలో పడితే భాష దానంతటదే పడుతుందని ఆయన వాదం. చివర్లో బెరెట్టా, డేవిస్ అని ఇద్దరు వచ్చి మామూలు క్లాసుల పిల్లలతో పోల్చి చూశారు. గ్రామరు పిల్లలు గ్రామరు పరీక్షలో నెగ్గారు, పనుల పిల్లలు పనుల పరీక్షలో నెగ్గారు! రెంటికీ చెందని పరీక్షల్లో ప్రభు పిల్లలది కాస్త పైచేయి. మొదటి రెండు ఫలితాలూ చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత బావ గుర్తొచ్చాడు.

కామన్‌లో నాకు ఇంగ్లీషులో ఎనభై దాటాయి. ఇంజినీరింగ్ అయ్యాక మొదటి ఉద్యోగంలో మొదటి క్లయింటు కాల్. అవతల అమెరికా ఆయన 'హౌ ఈజ్ ఇట్ గోయింగ్?' అన్నాడు. ఏది ఎక్కడికి గోయింగ్ అని ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆ నిశ్శబ్దం నాకింకా వినిపిస్తుంది. అదే రోజుల్లో బావ హార్బర్లో ఓడలకి సరుకులు సప్లై చేసే వాళ్ళ దగ్గర పనిచేసేవాడు. ఓసారి వాడితో వెళ్ళాను. ఫిలిప్పీన్స్ వాళ్ళు, గ్రీకు వాళ్ళు. టమాటాలు ఎన్ని బుట్టలు, మాంసం ఎప్పుడొస్తుంది, డాలర్లా రూపాయలా, అన్నీ ఇంగ్లీషులోనే తేల్చేస్తున్నాడు. ఆర్టికల్ ఒక్కటీ లేదు. గ్రీకు వంటవాడి ఇంగ్లీషులోనూ లేదు. వాళ్ళిద్దరూ జోకులేసుకుని నవ్వుకుంటుంటే, ఎనభై దాటిన నేను సంచి పట్టుకుని పక్కన నించున్నాను.

అలాగని బావ గెలిచాడని చెప్పను. సినిమాల్లో అయితే వాడు ఆ కంపెనీ కొనేసేవాడు. ఆఫీసులో గుమాస్తా పోస్టు ఖాళీ వస్తే వాడికంటే సగం పని తెలీని కుర్రాడికిచ్చారు, కాగితం ఉంది కాబట్టి. వాడికి కనీసం ఏడో తరగతి పాసైన కాగితం కూడా లేదు. పాతికేళ్ళు బుట్టలు మోశాడు, ఇప్పుడు నడుం నొప్పి.

2009లో వచ్చిన విద్యా హక్కు చట్టం, ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లలు ఏ బోర్డు పరీక్షా పాసవ్వక్కర్లేదనీ, ఒకే తరగతిలో ఆపెయ్యకూడదనీ అంది. 2019లో దాన్ని సవరించి ఐదులోనూ ఎనిమిదిలోనూ పరీక్ష పెట్టుకోవచ్చు, రెండో ఛాన్సులోనూ తప్పితే ఆపెయ్యొచ్చు, రాష్ట్రాల ఇష్టం అన్నారు. పిల్లలు ఏమీ రాకుండా పై క్లాసులకి పోతున్నారని ఆపమనేవాళ్ళ వాదన. అందులో నిజం లేకపోలేదు. ఆపిన పిల్లాడికి ఆ మరో ఏడాదిలో వేరేగా ఏం చెప్తారో మాత్రం ఎవరూ చెప్పరు. బావకి రెండేళ్ళూ అవే ఆర్టికల్స్ చెప్పారు, అదే బెత్తంతో.

నోటుబుక్కు బావకి చూపించాను. పేజీలు తిప్పుతూ రావణుడి దగ్గర ఆగాడు.

"ఏట్రా ఇది, ఇన్నిసార్లు రాసేవు?"

"మాస్టారు రాయమన్నారు బావా."

"నేనూ రాసేను గదా. నలభై కాదు, రెండేళ్ళు." కళ్ళజోడు తీసి తుడుచుకుని పుస్తకం నాకిచ్చేశాడు. "మా మనవరాలికియ్యు. ఎనక పేజీలు ఖాళీగున్నాయి, బొమ్మలేసుకుంటాది."