గని కంటే ముందున్న నీళ్లు

చరిత్రకారుడికి శాసనం ఎంతటి ఆధారమో, గని పక్క ఊరివాళ్లకు గని రాకముందు చేసిన బావినీటి పరీక్ష అంతటి ఆధారం. భూగర్భజల శాస్త్రం దీన్ని నేపథ్య విలువ అంటుంది. తవ్వకం మొదలు కాకముందు ఆ నేల నీటిలో ఫ్లోరైడు ఎంత, సల్ఫేటు ఎంత, ఆర్సెనిక్ ఎంత అన్న లెక్క అది. గని వచ్చాక నీళ్లు చెడ్డాయా లేదా అని తేల్చడానికి ఆ లెక్కతోనే పోల్చి చూడాలి. ఇది ప్రయోగశాలవాళ్ల గొడవ, సాహిత్య పత్రికలో ఎందుకు అనే మిత్రులున్నారు. ‘సహజం’ అనే మాట ఎవరి నోట ఏ అర్థం తెచ్చుకుంటుందో చూడడం విమర్శకుడి పని కాకపోతే మరెవరి పనో నాకు తెలియదు.

మా సీమలో నీళ్ల సంగతి రాసిపెట్టడం కొత్త కాదు. 1388లో విజయనగర రాకుమారుడు బుక్కరాయలు పెనుకొండ నుంచి ఏలుతుండగా, జలసూత్రం తెలిసిన సింగయభట్టు పెన్న నీటిని సిరువెర చెరువుకు కాలువ తీసి తెచ్చాడని గౌరిబిదనూరు ప్రాంతపు శాసనం చెబుతుంది. అంతకు ముందే, 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను లెక్కపెట్టింది. ఆ దోషాల్లో చవిటినేల ఒకటి. అంటే కట్ట వేయకముందే నేల గుణం చూడాలన్న జ్ఞానం అప్పటికే ఉంది. ఆ శాసనాల వెనక పాలకుల కీర్తికాంక్ష, శిస్తు ఆశ ఉన్నాయి, కాదనను. అయినా రాసిపెట్టారు.

ఇక ధర్మవరానికి నైరుతిగా, పెనుకొండకు ఉత్తరాన ఉన్న రామగిరికి వద్దాం. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అక్కడ కంపెనీలు పలుగురాతిని తవ్వి బంగారం తీశాయి. 1920ల చివరికి ఆ పని ఆగింది. తరువాత ప్రభుత్వరంగ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ మళ్లీ తవ్వింది. కోలారు గనులు 2001లో మూతపడిన కాలానికి ఇక్కడి తవ్వకమూ ముగిసింది. టన్ను రాతికి ఎంత బంగారం పడిందన్నది వాటాదారుకు కావాలి కనుక బంగారం కంపెనీలు ఆ లెక్క రాసుకుంటాయి. చుట్టుపక్కల బావుల లెక్క ఏ వాటాదారు అడుగుతాడు? ఆనాటి చట్టమూ అడగలేదు. మన దేశంలో నీటి కాలుష్య చట్టం 1974లో వచ్చింది, ప్రాజెక్టుకు ముందే పర్యావరణ ప్రభావం అంచనా వేయాలన్న నియమం 1994లో.

బంగారం ఉన్న రాళ్లలో తరచు గంధకపు ఖనిజాలుంటాయి. రాతిని పిండిచేసి దిబ్బపోస్తే గాలి, వాన తగిలి అవి కరుగుతాయి. సల్ఫేటు, ఒక్కోచోట ఆర్సెనిక్, నీటిలోకి దిగుతాయి. కానీ గని లేకపోయినా అదే రాతి మీదుగా పారే నీటిలో అవి కొంత ఉంటాయి. మొదటి లెక్క లేనిచోట ఈ ‘కొంత’ ఎంతైనా కావచ్చు. ఎంత కనబడితే అంత సహజమనవచ్చు.

అలాగని సహజమన్న ప్రతి మాటా మోసం కాదు. మనవాళ్లలో కొందరు ఇక్కడ తొందరపడతారు. 1937లో షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లాలో ఎముకల్ని వంచే ఫ్లోరోసిస్‌ను గుర్తించినప్పుడు దానికి కారణం ఏ ఫ్యాక్టరీ కాదు, రాయి. మా హిందూపురం వైపు తరగతి గదిలో గోధుమరంగు చారల పళ్లతో నవ్వే పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. ఏ కంపెనీని తిట్టినా ఆ చారలు పోవు. రాయి చేసిన కీడునూ యజమాని చేసిన కీడునూ విడదీసి చూపేది కొలత ఒక్కటే.

ఆ కొలత తేలిక కాదు. గనికి ఎగువన, నీళ్లు గని వైపు పారే దిక్కున ఒక బావిని ఎంచుకుని, దిగువ బావులతో పోల్చాలంటారు. రామగిరి ఉన్నది పెనకచెర్ల దాకా సాగే షిస్టు రాళ్ల సన్నని పట్టీ మీద. చుట్టూ గ్రానైటు నేల. గ్రానైటు బావి నీటిని తెచ్చి షిస్టు బావికి ప్రమాణంగా పెడితే అది కొలత కాదు. కాలం సంగతీ అంతే. పెద్దవాళ్లు ‘మా బావి నీళ్లు తియ్యగా ఉండేవి’ అన్నప్పుడు వాళ్లు చెప్పేది మెట్లు దిగి ముంచుకున్న నీళ్ల సంగతి. ఇప్పుడు తాగేది వందల అడుగుల లోతు బోరు నీళ్లు. రెండూ ఒక్క నీళ్లు కావు. ఆ జ్ఞాపకాన్ని కొట్టిపారేయకూడదు, రుజువుగా నిలబెట్టనూ కూడదు. పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలో అది చెబుతుంది.

అమెరికాలో ప్రమాదకర వ్యర్థాల స్థలాలకు 1980లో చేసిన నియమాలు ఎగువన కనీసం ఒకటి, దిగువన మూడు బావులు అడిగాయి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి నీరు తీసి నేపథ్య విలువ కట్టమన్నాయి. మన దగ్గర గనుల నివేదికలకు సాధారణంగా వానాకాలం కాని ఒక్క ఋతువు సమాచారం చాలు. వానకూ ఎండకూ బావి అడుగు మారిపోయే రాయలసీమకు ఒక్క ఋతువు లెక్క ఏం సరిపోతుంది!

దీని ఫలితం తుమ్మలపల్లెలో చూశాం. పులివెందుల దగ్గర ఆ యురేనియం గని, శుద్ధి కర్మాగారం 2012లో పని మొదలుపెట్టాయి. వ్యర్థాల చెరువు వచ్చాక బోర్లు చెడ్డాయని, అరటి తోటలు ఎండాయని రైతులన్నారు. ఆ రాతిలోనే యురేనియం ఉంది కదా అన్నది సంస్థ. చెరువు అడుగున వేయవలసిన పొర విషయంలో కాలుష్య నియంత్రణ మండలి 2019లో నోటీసు ఇచ్చింది. తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, మన అణుశక్తి నియంత్రణ మండలిది 60. కానీ హద్దు వేరు, నేపథ్యం వేరు. 5 ఉన్న బావి 25కి పెరిగితే హద్దు దాటలేదు, నీరు మాత్రం మారింది. ఆ 5 ఎక్కడా రాసి లేకపోతే మారిందని రైతు దేనితో వాదిస్తాడు?

రామగిరి బంగారం మీద ఆశ ఎవరికీ చావలేదు. మళ్లీ తవ్వేరోజు వస్తే, ఆ ముందు ఏడాది పొడుగునా షిస్టు పట్టీ మీదా గ్రానైటు మీదా బావులూ బోర్లూ వేరువేరుగా పరీక్షించాలి. పాత దిబ్బల కిందివాటిని విడిగా గుర్తుపెట్టాలి. ఆ కాగితం కంపెనీ బీరువాలో కాక, తెలుగులో, గ్రామ సచివాలయం గోడ మీద ఉండాలి.