ఎవరికీ అక్కర్లేని 714 మంచాలు

లండన్‌కు పడమటి అంచున ఐల్‌వర్త్ అనే ఊళ్ళో వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి ఉంది. 1935లో ఆ ఆసుపత్రి పక్కనే ఉన్న వర్క్‌హౌస్ వైద్యశాలను కూడా తన కిందికి తీసుకుంది. వర్క్‌హౌస్ అంటే దిక్కులేని పేదల చేత పని చేయించుకుని ఇంత తిండి పెట్టే సర్కారు సత్రం. వయసు పైబడి, జబ్బుపడి, పని చేయలేనివాళ్ళు దాని వైద్యశాలకు చేరేవారు. చేరినవాళ్ళు తిరిగి ఇంటికి వెళ్ళడం అరుదు. అలా ఆసుపత్రి నెత్తిన ఒక్కసారిగా 714 మంది పడ్డారు. వాళ్ళ బాధ్యత అక్కడే పనిచేస్తున్న మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మకు అప్పగించారు.

ఆవిడ చేసిన మొదటి పని చాలా మామూలుది. ప్రతి మనిషినీ ఒళ్ళంతా పరీక్ష చేసింది. అంతవరకూ ఆ పని ఎవరూ చేయలేదు! పక్షవాతం వచ్చి లేవలేనివాళ్ళు, లేపితే లేవగలిగినవాళ్ళు, మూత్రం పట్టు తప్పినవాళ్ళు, మతి తప్పి ఊరికే పడి ఉండేవాళ్ళు, మతి తప్పి కేకలు పెట్టేవాళ్ళు, అందరూ ఒకే వరసలో పడుకుని ఉన్నారు. ఆవిడ వాళ్ళను విడదీసింది. గోడలకు లేత రంగు వేయించింది, దీపాలు పెంచింది, మంచం పక్కన కుర్చీ వేయించింది, పట్టుకుని నడవడానికి కమ్మీలు పెట్టించింది. చాలామందిని మంచాన పడేసింది జబ్బు కాదు, మంచమేనని తేల్చింది. కొన్నేళ్ళలో ఆ 714 పడకల్లో సుమారు 240 ఉంటే సరిపోయే స్థితి వచ్చింది.

1943లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆవిడ రాసిన వ్యాసం నా దృష్టిలో ఆ పడకల లెక్క కంటే పెద్ద సంగతి. ముసలివాళ్ళ వార్డును ఊరి చివరకు తోసేయకండి, జనరల్ ఆసుపత్రి ఆవరణలోనే పెట్టండి, అప్పుడే మెడికల్ విద్యార్థులూ నర్సులూ ఈ పని నేర్చుకుంటారు అని వాదించింది. జెరియాట్రిక్స్, అంటే వృద్ధుల వైద్యం అనే ఈ చదువు మొదలైంది పాఠ్యపుస్తకంలో కాదు, ఆ వార్డులో. గ్లాస్గోలో ఫెర్గూసన్ ఆండర్సన్ ఈ విభాగానికి మొట్టమొదటి ప్రొఫెసర్ అయింది 1965లో. అప్పటికి ఐల్‌వర్త్ సంగతి జరిగి ముప్పై ఏళ్ళు. వారెన్ 1960లోనే పోయింది.

నేను ఈ సబ్జెక్టులోకి ఇష్టపడి రాలేదు. 1970లలో వైజాగ్‌లో చదువు ముగించి ఇంగ్లండ్ వెళ్ళిన మా బ్యాచ్ వాళ్ళందరి కన్నూ గుండె జబ్బుల మీదే. ఇంటర్వ్యూలో చిరునవ్వుతో ‘జెరియాట్రిక్స్‌లో ఖాళీ ఉంది’ అనేవారు. తెల్లవాళ్ళు వద్దన్న ఉద్యోగం మన వాళ్ళకు దొరికేది. మా బోటి దక్షిణాసియా డాక్టర్లు ఎంతోమంది ఈ దారినే ఆ విభాగంలో చేరారు. తర్వాతి రోజుల్లో ఓపెన్ యూనివర్సిటీ పరిశోధకులు వాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసి చరిత్రకు ఎక్కించారు. మంచిదే. ఆ రోజుల్లో మాత్రం ఊరికి ఉత్తరం రాస్తూ ఏ వార్డులో పనిచేస్తున్నానో రాసేవాణ్ణి కాదు.

నాకు ఈ పని నేర్పింది ప్రొఫెసర్లు కాదు, వార్డు సిస్టర్. నేను స్టెతస్కోప్ తీయబోతే ఆగమని చెయ్యి అడ్డం పెట్టేది. ముందు పేషెంటుకు కళ్ళద్దాలు పెట్టేది, చెవి మిషను ఆన్ చేసేది, నన్ను కుర్చీ లాక్కుని ఆయన ముఖానికి ఎదురుగా కూర్చోమనేది. తర్వాత దుప్పటి తీసి మడమలు చూపించేది. మడమ మీద ఎర్రగా కమిలిన రూపాయంత మచ్చ ఉంటే, ఆ రాత్రి డ్యూటీ నర్సుకు మూడినట్టే. దీని వెనకాల డోరీన్ నార్టన్ అనే నర్సు పరిశోధన ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. 1962లో నార్టన్, మరో ఇద్దరితో కలిసి వృద్ధుల వార్డుల్లో నర్సింగ్ సమస్యల మీద పుస్తకం తెచ్చింది. ఒంటి స్థితి, మనసు స్థితి, నడక, కదలిక, మలమూత్రాల మీద అదుపు, ఈ అయిదింటికీ మార్కులు వేస్తే ఎవరికి పడక పుండ్లు పడతాయో ముందే చెప్పవచ్చు. మార్కులు తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. పూతలూ పౌడర్లూ కాదు, వేళకు ఒత్తిగిలించడమే మందు.

మతిమరుపు పరీక్ష కూడా ఆ వార్డుల్లోంచే వచ్చింది. 1972లో హాడ్కిన్సన్ అనే డాక్టరు పది ప్రశ్నలు తయారుచేశాడు. మీ వయసెంత, ఇప్పుడు టైమెంత, మొదటి ప్రపంచ యుద్ధం ఏ సంవత్సరంలో మొదలైంది, ఇప్పుడున్న రాణి పేరేమిటి, ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టండి, ఇలాంటివి. మా పేషెంట్లలో ఆ యుద్ధంలో పోరాడినవాళ్ళే ఉండేవారు. పొద్దున ఏం తిన్నాడో చెప్పలేని మనిషి 1914 అని ఠక్కున చెప్పేవాడు, ఆపైన తన రెజిమెంటు పేరు కూడా.

ఆ మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా చదువుకు పద్ధతి పెట్టినవాడు టామ్ ఆరీ. 1969 నుంచి గుడ్‌మేస్ ఆసుపత్రిలో వృద్ధుల మానసిక వైద్యం నడిపాడు. పేషెంటును ఆసుపత్రికి రప్పించేలోపే డాక్టరు వాళ్ళింటికి వెళ్ళి చూడాలనేవాడు. 1977లో నాటింగ్‌హామ్‌లో ప్రొఫెసరై, శరీర వైద్యులనూ మానసిక వైద్యులనూ ఒకే విభాగంలో కూర్చోబెట్టాడు. ఇప్పటికీ మన దగ్గర ఆ ఇద్దరి ఓపీలు వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి, మధ్యలో లిఫ్టు పనిచేయదు.

మన దేశంలో ఈ విత్తనం నాటింది మద్రాసు జనరల్ ఆసుపత్రిలో. ఇంగ్లండ్‌లో శిక్షణ పొంది వచ్చిన డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లో అక్కడ వృద్ధులకు ప్రత్యేక ఓపీ తెరిచారు. 1996లో మద్రాసు మెడికల్ కాలేజీలో దేశంలోనే మొదటి ఎం.డి. జెరియాట్రిక్స్ కోర్సు మొదలైంది. అప్పటికి నాలుగేళ్ళ ముందే, 1992లో, కేరళలోని కున్నంకుళంలో డాక్టర్ జేకబ్ రాయ్ అల్జీమర్స్ సంఘం స్థాపించి, ఇంట్లో చూసుకునేవాళ్ళకు నేర్పడమూ చదువే అని చూపించారు. పది ప్రశ్నల లాంటి పరీక్షలు మన పల్లెల్లో పారవని తేలింది కూడా ఆ రోజుల్లోనే. బడి ముఖం చూడనివాళ్ళ కోసం హరియాణాలోని బల్లభ్‌గఢ్‌లో హిందీలో పరీక్షనే కొత్తగా అల్లుకున్నారు. 1995లో అది ప్రచురణ అయింది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లను పరిశీలించి 2013లో ఓ సంగతి ప్రకటించింది: రెండో భాష మాట్లాడేవాళ్ళకు జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది, చదువురానివాళ్ళలోనూ ఆ ఆలస్యం కనిపించింది. తెలుగు, ఉర్దూ కలగలిపి మాట్లాడే పాతబస్తీ మనిషికి ప్రశ్న ఎలా వేయాలో హౌస్ సర్జన్‌కు ఎవరు నేర్పుతున్నారో నాకైతే కనిపించడం లేదు.

ఇప్పుడు నేను గోదావరి జిల్లాల్లో ఒక నర్సింగ్ కాలేజీకి వెళ్ళి పాఠం చెబుతుంటాను. మొన్న ఒక అమ్మాయి ఓ మామ్మగారిని ‘ముఖ్యమంత్రి ఎవరండీ?’ అని అడిగింది. ‘రామారావుగారే కదమ్మా’ అందావిడ. ఆ అమ్మాయి కాగితం మీద సున్నా వేసేసింది. ‘మామ్మగారూ, సంక్రాంతి అయిపోయిందా, ఇంకా రావాలా?’ అని నేను అడిగాను. ‘అయిపోయి రెండు వారాలైంది, మా మనవరాలు అత్తారింటికి వెళ్ళిపోయింది కూడా’ అంది. అక్షరాలా నిజం. పిల్లలందరినీ ఒక వారం అచ్చంగా ముసలివాళ్ళ వార్డులో ఉంచాలని ప్రిన్సిపాల్‌గారిని అడిగాను. కాదనలేదు. ‘మంచి ఆలోచనే సార్, కానీ దాన్ని ఏ సబ్జెక్టు కింద చూపించమంటారు?’ అన్నారు. కమ్యూనిటీ హెల్త్ కింద చూపించండి అన్నాను.